మోకాలి మార్పిడి: ఆపరేషన్ ఖర్చు ఒకటి, నడక ఖర్చు ఇంకొకటి

మోకాలి మార్పిడి అనగానే ఇంట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతవుతుంది?’ అని. ఆస్పత్రి వాళ్లు ఒక ప్యాకేజీ చెబుతారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు కొంత పంపుతాడు, కొంత బంగారం తాకట్టుకు వెళ్తుంది, మిగతాది బంధువులు సర్దుతారు. డిశ్చార్జ్ బిల్లు కట్టేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోతుంది. అమ్మీ వాకర్ పట్టుకుని ఇంటికొస్తుంది. హమ్మయ్య, పెద్ద పని అయిపోయింది అనుకుంటారు.

అయిపోలేదు. కొత్త కీలు వంగడం, పూర్తిగా చాపుకోవడం, బరువు మోయడం అలవాటయ్యేది ఆ తర్వాతి ఆరు నుంచి పన్నెండు వారాల్లోనే. ఆ వారాల కోసం డబ్బు ముందే పక్కన పెట్టుకునే ఇళ్లు తక్కువ. డబ్బు తగ్గినప్పుడు మొదట మానేసేది కూడా ఫిజియోథెరపీనే. ‘నడుస్తోంది కదా, ఇంక వాళ్లెందుకు’ అంటారు. లక్షలు పోసి మిషన్ కొని, బిగించే మనిషికి ఇవ్వడానికి డబ్బుల్లేవని దాన్ని మూలన పెట్టినట్టు ఉంటుంది ఈ లెక్క.

ఇంప్లాంట్ ధర మీద అదుపు

మోకాల్లో పెట్టే లోహపు కీలునే ఇంప్లాంట్ అంటారు. ఒకప్పుడు బిల్లులో పెద్ద వాటా దీనిదే. 2017 ఆగస్టు 16న జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ (ఎన్‌పీపీఏ) దీనికి గరిష్ఠ ధర నిర్ణయించింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం సగటు ఎమ్మార్పీ అప్పటికి 1,58,324 రూపాయలు. దాన్ని 54,720కి తగ్గించారు. టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాల రకం 2,49,251 నుంచి 76,600కి దిగింది. పాత ఇంప్లాంట్ పాడైతే తీసి మళ్లీ వేసే రివిజన్ రకానికి 1,13,950 పరిమితి పెట్టారు. ఇవన్నీ జీఎస్టీ కాకుండా ఒక్క మోకాలికి. 5 శాతం జీఎస్టీ కలిపితే 54,720 కాస్తా 57,456 అవుతుంది. ఆ తర్వాత ఈ పరిమితి గడువును పొడిగిస్తూ వచ్చారు. ఆపరేషన్ చేయించుకునే నాటికి అమల్లో ఉన్న ధర ఎంతో ఆస్పత్రిలో అడిగి రాయించుకోవాలి.

ధర తగ్గింది ఇంప్లాంట్‌కే. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, గది అద్దె, మందులు, రక్తపరీక్షలు, రోబో చార్జీ దేని మీదా ఆ ఉత్తర్వు ప్రభావం లేదు. అందుకే ఇంప్లాంట్ అదేదైనా రెండు ఆస్పత్రుల ప్యాకేజీలకు మధ్య చాలా తేడా ఉండొచ్చు. ప్యాకేజీ అనే ఒక్క అంకె చూసి సంతకం చేయకూడదు. ఇంప్లాంట్ కంపెనీ, రకం, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా చూపాలని అదే ఉత్తర్వు చెబుతోంది. విడిగా చూపించమంటే ఆస్పత్రి వాళ్లు కోప్పడాల్సిన పని లేదు.

రోబో గురించి ఒక మాట. ఇంప్లాంట్‌ను సరైన కోణంలో అమర్చడానికి అది సాయపడుతుంది. కానీ ఏళ్లు గడిచాక మామూలు ఆపరేషన్ కంటే మోకాలు మెరుగ్గా పనిచేస్తుందన్న గట్టి రుజువు ఇంకా లేదు. రోబో కోసం అదనంగా అడిగే సొమ్ము, మూడు నెలల ఫిజియో ఖర్చు పక్కపక్కన రాసుకుని చూడండి. రెండింటిలో ఒకటే భరించగలిగితే ఫిజియోనే ఎంచుకోవాలి.

‘హై ఫ్లెక్స్ వేయిస్తే నమాజు చేసుకోవచ్చా?’

మన ఇళ్లలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. సజ్దా, ఖాయిదా, దస్తర్‌ఖాన్ ముందు కింద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్, వీటన్నిటికీ మోకాలు 110 డిగ్రీల కంటే బాగా ఎక్కువ వంగాలి. కాళ్లు పూర్తిగా మడిచి కూర్చోవాలంటే 150 దాటాలి. మార్పిడి చేసిన మోకాలు చాలామందిలో 110, 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. దాంతో మెట్లెక్కడం, కుర్చీలోంచి లేవడం, బజారుకు వెళ్లిరావడం బాగానే అవుతాయి. కింద మడిచి కూర్చోవడం అందరికీ కాదు. ఆపరేషన్ తర్వాత మోకాలు ఎంత వంగుతుందన్నది ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదో దాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది.

ఎక్కువ వంగుతుందని చెప్పి అమ్మే ‘హై ఫ్లెక్స్’ రకం సగటు ఎమ్మార్పీ 2017కి ముందు 1,81,728 రూపాయలు. మామూలు దానికంటే 23,404 ఎక్కువ. నియంత్రణ వచ్చాక దాని పరిమితి 56,490. అంటే తేడా 1,770 రూపాయలే మిగిలింది. రెండు రకాలను పోల్చి చూసిన పరిశోధనల్లో వంగే కోణంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి హై ఫ్లెక్స్ పేరు చెప్పి ఎవరైనా వేలల్లో ఎక్కువ అడిగితే ఆ డబ్బు దేనికో అడగాల్సిందే. నమాజు సంగతికొస్తే, వీలుకాని వాళ్లు కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. మసీదుల్లో సఫ్ చివర కుర్చీలు ఇప్పుడు మామూలే. ఈ విషయం ఆపరేషన్‌కు ముందే పెద్దవాళ్లకు చెప్పాలి. ‘కింద కూర్చోగలనని ఆశపడి చేయించుకున్నా’ అని తర్వాత బాధపడేవాళ్లు ఉంటారు. మోకాలి మార్పిడి చేయించుకున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఫలితంతో పూర్తి తృప్తిగా లేరని విదేశీ సర్వేల్లో తేలింది. ముందు పెట్టుకున్న ఆశకు, తర్వాత వచ్చిన ఫలితానికి పొంతన లేకపోవడం దానికి ఒక ముఖ్య కారణం.

అందరికీ వెంటనే ఆపరేషన్ అక్కర్లేదు

డెన్మార్క్‌లో మోకాలి మార్పిడికి అర్హులైన 100 మందిని రెండు గుంపులుగా చేసి చూశారు. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. ఒక గుంపుకు ఆపరేషన్ చేసి, తర్వాత 12 వారాలు వ్యాయామం, ఆహార సలహా, నొప్పి మందులు వగైరా ఇచ్చారు. రెండో గుంపుకు ఆపరేషన్ లేకుండా అవే ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ అయినవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. వాళ్లలోనే తీవ్రమైన ఇబ్బందులూ ఎక్కువ వచ్చాయి. వ్యాయామం గుంపులో ఆ ఏడాదిలోపు ఆపరేషన్ దాకా వెళ్లింది నాలుగో వంతు మందే. మిగతావాళ్లు అప్పటికి దాన్ని వాయిదా వేయగలిగారు.

ఆపరేషన్ వద్దని కాదు దీని అర్థం. రాత్రి నొప్పికి నిద్ర పట్టకపోతే, ఎముకకు ఎముక రాసుకుంటుంటే, కాలు వంకర తిరిగిపోతే ఆపరేషన్ మంచి చికిత్సే. కానీ మోకాలి నొప్పి మొదలైన ఏడాదికే బంగారం తాకట్టు పెట్టాల్సిన పని లేదు. మూడు నెలలు తొడ కండరాల వ్యాయామం చేసి, కొంచెం బరువు తగ్గి చూడొచ్చు. తర్వాత ఆపరేషన్ తప్పకపోయినా ఆ మూడు నెలలు వృథా కావు. బలపడిన తొడ, అదుపులోకొచ్చిన షుగర్ ఆపరేషన్ తర్వాత పనికొస్తాయి. షుగర్ ఎక్కువగా ఉండగా ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. ఇంప్లాంట్‌కు ఇన్ఫెక్షన్ సోకితే దాన్ని తీసి మళ్లీ వేయాల్సి రావొచ్చు. అప్పుడు వాడే రివిజన్ ఇంప్లాంట్ ఒక్కదాని పరిమితే మొదటిదానికి రెట్టింపు కంటే ఎక్కువ. ఆస్పత్రి రోజులు, యాంటీబయాటిక్స్ దానికి అదనం.

ఆగడం పనికిరానిది తుంటి ఎముక విరిగినప్పుడు. బాత్రూంలో జారిపడి తుంటి విరిగిన పెద్దవాళ్లకు ఆపరేషన్ ఒకట్రెండు రోజుల్లో జరగాలి. ఆలస్యమైన కొద్దీ మంచంలో పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు వస్తాయి. పుత్తూరు కట్టు మీద, పాతబస్తీ పహిల్వాన్ల మీద జనానికి నమ్మకం ఎక్కువే. చేతి ఎముక సంగతి ఎలా ఉన్నా తుంటి ఎముకను కట్టుతో నిలబెట్టలేరు. కట్టు దగ్గర మిగిలిందనుకున్న డబ్బు నెలల తరబడి మంచాన పడ్డ మనిషికి డైపర్లు, పుండ్ల డ్రెస్సింగ్ కింద పోతుంది.

ఇంటికి వచ్చాక

మోకాలి మార్పిడి అయినవాళ్లను అదే రోజు గానీ మర్నాడు గానీ నిలబెట్టి నడిపిస్తారు. నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత రెండు లక్ష్యాలుంటాయి. మొదటిది మోకాలు పూర్తిగా చాచగలగడం. రెండోది ఆరు వారాల్లోపు కనీసం 90 డిగ్రీలు వంచగలగడం, తర్వాత ఇంకా పెంచుకోవడం. ఈ వారాలు దాటిపోతే లోపల కణజాలం గట్టిపడుతుంది. అప్పుడు మళ్లీ మత్తిచ్చి మోకాలిని వంచాల్సి వస్తుంది. దానికి మళ్లీ ఆస్పత్రి, మళ్లీ బిల్లు.

చాచడం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నొప్పిగా ఉందని మోకాలి కింద దిండు పెడతారు, పెట్టిన కోడలికి దీవెనలు కూడా దక్కుతాయి. కానీ రోజంతా అలా ఉంటే మోకాలు కొంచెం వంగిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత దూరం నడిచినా కుంటుతూనే నడవాలి. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టాలి. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరాన్ని బిగించి వదలడం, మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, కాలు నిటారుగా ఎత్తడం, ఈ నాలుగూ రోజుకు మూడు పూటలా చేయించాలి. నొప్పి మాత్ర వేసిన అరగంటకు మొదలుపెడితే తేలిగ్గా ఉంటుంది. కాలిని దానంతట అదే వంచే సీపీఎం మిషన్ అద్దెకు తెమ్మని కొన్నిచోట్ల చెబుతారు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే దాని వల్ల అదనపు లాభం చాలా తక్కువ. ఆ అద్దె డబ్బుతో ఫిజియోథెరపిస్ట్ ఇంకో నాలుగుసార్లు వస్తారు.

మరి ఎన్నిసార్లు రావాలి? రోజూ రావాల్సిన పని లేదు, ఆస్పత్రిలో వారాల తరబడి ఉండాల్సిన పనీ లేదు. ఆస్ట్రేలియాలో 165 మంది మీద జరిగిన పరిశోధన 2017లో వచ్చింది. పది రోజులు ఆస్పత్రిలో ఉంచి వ్యాయామం చేయించి తర్వాత ఇంటికి పంపినవాళ్లు, నేరుగా ఇంటికే వెళ్లి పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లు 26 వారాల తర్వాత దాదాపు ఒకేలా నడిచారు. ఇంకే జబ్బు, చిక్కు లేని రోగుల మాట ఇది. ఇందులో ‘పర్యవేక్షణలో’ అన్న మాటే ముఖ్యం. ఒక కాగితం చేతిలో పెట్టి ఇవి చేసుకో అంటే అది పర్యవేక్షణ కాదు. తెలిసిన మనిషి వచ్చి కోణం కొలిచి, ఈ వారం ఎంత పెరిగిందో చూడాలి.

లెక్క వేసి చూద్దాం. మొదటి రెండు వారాలు వారానికి మూడుసార్లు, తర్వాత నాలుగు వారాలు రెండుసార్లు, ఆపై ఆరు వారాలు ఒక్కోసారి వస్తే మొత్తం 20 సార్లు. ఒక్కోసారికి 500 అనుకుంటే 10,000 రూపాయలు, 800 అనుకుంటే 16,000. వాకర్, కమోడ్ కుర్చీ, బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ, పరీక్షలకు ఆస్పత్రికి ఆటో ఖర్చు కలిపినా ఇంప్లాంట్ ధరలో సగం కూడా దాటదు. ఆస్పత్రి ప్యాకేజీ రెండు లక్షలు అనుకుందాం. కొన్ని దేశాల రిజిస్టర్ల ప్రకారం మార్చిన మోకాళ్లలో 100కి 82 దాకా 25 ఏళ్లు నిలుస్తున్నాయి. 20 ఏళ్లే వేసుకున్నా ఏడాదికి 10,000 పడుతుంది. మోకాలు బిగుసుకుపోతే మాత్రం ఆ 10,000 ప్రతి ఏడూ నష్టంలోనే రాసుకోవాలి.

ఇంకో ఖర్చు ఏ లెక్కలోనూ రాదు, అది ఇంట్లో ఆడవాళ్ల పని. కొడుకు నలభై రోజుల సెలవు మీద వచ్చి ఆపరేషన్ చేయించి వెళ్లిపోతాడు. లేపడం, కూర్చోబెట్టడం, కమోడ్ శుభ్రం చేయడం, మూడు పూటలా వ్యాయామం చేయించడం కోడలి మీదో పెళ్లికాని కూతురి మీదో పడతాయి. ఆమె ఇంట్లో టైలరింగ్ చేసేదైతే ఆ మూడు నెలల సంపాదన పోయినట్టే. ఖర్చులు పంచుకునేటప్పుడు అన్నదమ్ములు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పెద్ద వయసు ఆడవాళ్లు మగ ఫిజియో దగ్గర కాలు చూపించడానికి ఇబ్బందిపడి వద్దనేస్తారు, అది బద్ధకం కాదు. ఆపరేషన్ తేదీ ఖాయం చేసేముందే లేడీ ఫిజియోథెరపిస్ట్ ఎవరున్నారో వెతికి పెట్టుకోవాలి.

పిక్క వాచి నొప్పిగా ఉన్నా, గాయం నుంచి చీము లాంటిది కారుతున్నా, జ్వరం వచ్చినా ఫిజియోను అడుగుతూ కూర్చోకుండా సర్జన్‌కు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకే తీసుకెళ్లాలి.

ఎవరు కడతారు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి 5 లక్షలు. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా 2024 అక్టోబర్‌లో ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలైంది. కార్డు ఉంది కదా అని ఏ ఆస్పత్రికైనా వెళ్తే కుదరదు. కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయిస్తారు. మోకాలి మార్పిడి ఎక్కడ చేస్తారో, వరుసలో ఎన్నాళ్లు ఆగాలో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఆంధ్రాలో అయితే వైద్యమిత్ర ఉంటారు. 104కి ఫోన్ చేసినా చెబుతారు.

ఈ పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో జరిగే చికిత్సకు కట్టేవే. ఫిజియో ఇంటికొచ్చే ఖర్చు చేతినుంచే పెట్టుకోవాలి. ఆపరేషన్ తర్వాత పోయే కూలీని కూడా చికిత్స ఖర్చులో భాగంగా చూసిన పథకం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబర్‌లో వచ్చింది. ఆరోగ్య ఆసరా పేరుతో విశ్రాంతి కాలంలో రోజుకు 225, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇచ్చేలా మొదలుపెట్టారు. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగికి జబ్బు సెలవులో జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మెకానిక్కులు, తోపుడు బండ్ల వాళ్లు, చిన్న దుకాణాల వాళ్లకు ఇలాంటివేవీ ఉండవు. మన దగ్గర ఎక్కువమంది బతుకుతెరువు అవే.

ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే రెండు విషయాలు చూడాలి. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప, కీలు మార్పిడికి పాలసీ తీసుకున్నాక కొన్నేళ్లు ఆగాలన్న షరతు దాదాపు ప్రతి పాలసీలో ఉంటుంది. రెండోది మనవాళ్లు వాడుకోకుండా వదిలేసేది. డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులు కూడా కొన్ని రోజులపాటు పాలసీలోకి వస్తాయి. ప్రామాణిక పాలసీ అయిన ఆరోగ్య సంజీవనిలో అది 60 రోజులు. ఫిజియో ఖర్చు క్లెయిమ్ చేయాలంటే ఎన్నిసార్లు అవసరమో డాక్టర్ డిశ్చార్జ్ సమ్మరీలోనే రాయాలి. నోటిమాటగా చెబితే చెల్లదు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర ప్రతిసారీ తేదీ వేసిన రసీదు తీసుకోవాలి.

ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టేవాళ్లు ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్త చేసుకోవాలి. జిరాక్స్‌లతో తిరిగి తిరిగి విసిగిపోయేవాళ్లు ఎక్కువ. జకాత్ ఇచ్చేవాళ్లు, జకాత్ కమిటీలు ఆపరేషన్ బిల్లుకు సాయం చేస్తుంటారు, మంచిదే. అందులో పది, పదిహేను వేలు ఆస్పత్రి కౌంటర్‌లో కట్టకుండా తర్వాతి మూడు నెలల ఫిజియోకు వారంవారం ఇస్తే ఆపరేషన్‌కు ఇచ్చిన మిగతా సాయం కూడా వృథా కాకుండా ఉంటుంది.

ఒక్క కాగితాన్ని మాత్రం బిల్లులతో పాటు ఎవరికీ ఇచ్చేయకూడదు. ఇంప్లాంట్ పెట్టెల మీద కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లుంటాయి. ఆపరేషన్ అయ్యాక వాటిని కేస్ షీట్‌లో అంటిస్తారు. ఒక సెట్ ఇంటి ఫైల్‌లోనూ అంటించి ఇమ్మని డిశ్చార్జ్ రోజే అడగాలి. పదిహేనేళ్ల తర్వాత లోపలి ప్లాస్టిక్ భాగం అరిగిపోయి మార్చాల్సి వస్తే, అప్పటి సర్జన్‌కు ఆ సైజు, ఆ కంపెనీ తెలియాలి. తెలిస్తే చాలాసార్లు ఆ ఒక్క భాగం మారిస్తే సరిపోతుంది. తెలియకపోతే మొత్తం కీలు తీయాల్సి రావొచ్చు.